మూడు బాల్స్‌కే బ్యాటర్‌ని ఫస్ట్ బేస్‌కి పంపేశారు: తర్వాత సరిదిద్దొచ్చా?

మాస్టారూ, మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. రాజాం దగ్గర అండర్-17 అమ్మాయిల సాఫ్ట్‌బాల్ మ్యాచ్, ఆఖరి ఇన్నింగ్స్. కొట్టడానికి వీల్లేకుండా బయట పడ్డ బంతిని బాల్ అంటారు, అలాంటివి నాలుగైతే బ్యాటర్‌కి ఫస్ట్ బేస్ ఇస్తారు. అవతలి జట్టు బ్యాటర్‌కి పడ్డవి మూడు బాల్సే. అంపైర్ నాలుగనుకుని ఆ అమ్మాయిని ఫస్ట్ బేస్‌కి పంపేశారు. తర్వాతి బ్యాటర్‌కి రెండు పిచ్‌లు (పిచ్చర్ విసిరే బంతులు) పడ్డాక మీ స్కోరర్ పిల్ల షీటు చూసుకుని కేకేసింది. మీరు వెళ్లి అడిగితే అంపైర్ "ఇంక కుదరదు" అన్నారు. చివరికి ఆ అమ్మాయే హోమ్‌కి వచ్చింది, మీ పిల్లలు ఒక్క రన్‌తో ఓడిపోయారు. అంపైర్ చేసింది సరైనదేనా, ఫిర్యాదు రాసిస్తే ఫలితం మారుతుందా అని అడిగారు.

సూటిగా చెప్తాను. తర్వాతి బ్యాటర్‌కి ఒక్క పిచ్ పడిందంటే ఆ వాక్ (బాల్స్ లెక్కతో ఫస్ట్ బేస్‌కి నడిచి వెళ్లడం) ఖాయమైపోయినట్టే. లెక్క తప్పడం అంపైర్ తప్పు. మీరు అడిగినప్పుడు "కుదరదు" అనడం మాత్రం రూలు ప్రకారం సరైన మాట. ఫిర్యాదు రాసినా ఫలితం మారదు. కానీ ఆ పిల్ల బ్యాట్ కింద పెట్టి ఫస్ట్ బేస్‌కి నడిచిన ఆ పాతిక ముప్పై సెకన్లలో మీరు గానీ, మీ క్యాచర్ గానీ, స్కోరర్ గానీ నోరు విప్పి ఉంటే ఆమెను వెనక్కి పిలిచి మూడు బాల్స్ మీద మళ్లీ నిలబెట్టాల్సిందే. అప్పుడు అంపైర్ "కుదరదు" అని ఉంటే అది రెండో తప్పయ్యేది.

నేను శ్రీకాకుళం జిల్లాలో పీఈటీగా చేసి రిటైరయ్యాను. ఇరవై రెండేళ్లు సాఫ్ట్‌బాల్ మ్యాచ్‌లకి, అప్పుడప్పుడు బేస్‌బాల్‌కి ప్లేట్ (బ్యాటర్ నిలబడే చోటు) వెనక అంపైర్‌గా నిలబడ్డాను. ఒక్క రన్‌తో ఓడిపోయిన పిల్లల్ని ఆటోలో ఎక్కించుకుని ఇంటికి తీసుకెళ్లడం ఎలా ఉంటుందో తెలుసు. లెక్క తప్పిన అంపైర్‌కి ఆ రాత్రి ఎలా గడుస్తుందో కూడా తెలుసు. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు రూలు సంగతి. సాఫ్ట్‌బాల్ రూల్స్‌లో అంపైర్ల గురించి ఉన్న భాగంలో ప్లేట్ అంపైర్‌కి ఒక అధికారం ఇచ్చారు. అంపైర్ నిర్ణయం తర్వాత మారడం వల్ల గానీ, ఆలస్యంగా చెప్పడం వల్ల గానీ బ్యాటరో, రన్నరో, ఫీల్డింగ్ జట్టో ఇరుకున పడితే ఆ పరిస్థితిని చక్కదిద్దొచ్చు. దానికి గడువు కూడా అక్కడే పెట్టారు. ఆ తర్వాత ఒక పిచ్ పడితే తలుపు మూసుకుపోయినట్టే. ఆ పిచ్ సరైనదా, ఇల్లీగల్ పిచ్చా (రూలు తప్పి వేసినదా) అన్నది లెక్కలోకి రాదు. అలాగే ఫీల్డింగ్ జట్టు వాళ్లంతా గీతలు దాటి ఫెయిర్ టెరిటరీ (ఫౌల్ గీతల లోపలి ఆట స్థలం) నుంచి బయటికి వెళ్లిపోయినా అంతే. ప్రొఫెషనల్ బేస్‌బాల్‌లోనూ కౌంట్ (బాల్స్, స్ట్రైకుల లెక్క) సరిదిద్దడానికి హద్దు తర్వాతి బ్యాటర్‌కి మొదటి పిచ్ పడేదాకానే.

క్రికెట్ చూసి పెరిగినవాళ్ల కోసం ఒక మాట. ఇక్కడ పిచ్ అంటే పిచ్చర్ విసిరే బంతి, మధ్యలో ఉండే నేల కాదు. బాల్ అంటే స్ట్రైక్ జోన్‌లోకి రాకుండా, బ్యాటర్ బ్యాట్ ఊపకుండా వదిలేసిన పిచ్. అలాంటివి నాలుగైతే బ్యాటర్ ఫస్ట్ బేస్‌కి నడిచి వెళ్తుంది, మూడు స్ట్రైకులైతే ఔట్. స్ట్రైక్ అంటే బ్యాట్ ఊపి తప్పినది, లేదా ప్లేట్ మీదుగా కొట్టగలిగే ఎత్తులో (అదే స్ట్రైక్ జోన్) వచ్చినా వదిలేసినది.

ఈ గడువు ఎందుకు పెట్టారో పిల్లలకి చెప్పాలి. చెప్పకపోతే "అన్యాయం" అన్న ఒక్క మాటే వాళ్ల మనసులో మిగిలిపోతుంది. మీ మ్యాచ్‌నే తీసుకోండి. ఫస్ట్ బేస్‌లో రన్నర్ ఉందని మీ ఫీల్డర్లు నిలబడే చోటు మారింది. పిచ్చర్ వేసే తీరు మారింది. తర్వాతి బ్యాటర్ బంట్ (ఊపకుండా బ్యాట్‌ని మెల్లగా తాకించడం) చేయాలా, కొట్టాలా అన్నది వాళ్ల కోచ్ ఆ రన్నర్‌ని చూసే నిర్ణయిస్తాడు. ఒక్క పిచ్ పడగానే ఆట ఆ తప్పు మీదే ముందుకు కదిలిపోయింది. రెండు పిచ్‌ల తర్వాత వెనక్కి లాగితే ఆ రెండు పిచ్‌లు ఎవరి ఖాతాలో వేస్తారు? ఈలోగా రన్నర్ సెకండ్ బేస్ దొంగిలించి (ఎవరూ కొట్టకుండానే పరుగెత్తి చేరి) ఉంటే? అవతలి జట్టు తప్పేమీ లేకుండా వాళ్లు సంపాదించుకున్నది లాక్కోవాల్సి వస్తుంది. అందుకే ఎక్కడో ఒకచోట గీత గీయాలి. ఆ గీత తర్వాతి పిచ్.

మన ప్రాంతంలో ఈ చిక్కు ఎక్కువగా రావడానికి నాకు కనిపించిన కారణం క్రికెట్ అలవాటు. విజయనగరం అంటే 1936లో ఇంగ్లాండ్ వెళ్లిన భారత జట్టుకి కెప్టెన్‌గా ఉన్న విజ్జీ ఊరు. ఇక్కడ సాఫ్ట్‌బాల్‌కి నిలబడే అంపైర్లలో చాలామంది ముందు క్రికెట్ అంపైర్లే, స్కోరర్లూ అంతే. క్రికెట్ చట్టంలో ఓవర్‌లో బంతులు అంపైర్ తప్పు లెక్కపెడితే ఆయన లెక్కపెట్టిందే ఓవర్. ఐదు బంతులకే ఓవర్ అన్నా ఓవరే, ఏడు వేయించినా ఓవరే. అది 17వ లా. ఆ అలవాటుతో వచ్చినవాళ్లు ఇక్కడ కూడా "అంపైర్ అన్నాక అన్నదే" అనుకుంటారు. అది సాఫ్ట్‌బాల్‌కి వర్తించదు. ఇక్కడ కౌంట్ తప్పయితే, గడువు లోపల, సరిదిద్దడం అంపైర్ బాధ్యత. క్రికెట్‌లో ఒక బంతి తక్కువైతే ఆరో వంతు ఓవర్ పోతుంది. ఇక్కడ ఒక బాల్ తేడా వస్తే బ్యాటర్ బేస్‌లో ఉంటుందో, బెంచీ మీద కూర్చుంటుందో తేలిపోతుంది.

ఇంకో తేడా కూడా మీ పిల్లలకి చెప్పండి. పిచ్ బాలా, స్ట్రైకా అన్నది అంపైర్ కంటి తీర్పు, దాని మీద వాదించడానికి లేదు. కౌంట్ అలా కాదు, అది కూడిక. ఆయన ఇంతకుముందే ఇచ్చిన తీర్పుల్ని వరసగా కలిపితే వచ్చే అంకె. "సార్, అది స్ట్రైక్ కదా" అంటే వాదన అవుతుంది. "సార్, కౌంట్ ఒకసారి చెప్పండి" అంటే వాదన కాదు, ఏ అంపైరూ దానికి కోపం తెచ్చుకోకూడదు. ఈ రెండూ వేరని తెలియక మన పిల్లలు రెండో మాట అడగడానికీ భయపడతారు.

నాలుగు అన్న అంకె కూడా కాలంతో పాటు కుదురుకున్నదే. బేస్‌బాల్‌లో 1879లో తొమ్మిది బాల్స్ పడితే గానీ బ్యాటర్‌కి ఫస్ట్ బేస్ ఇచ్చేవాళ్లు కాదు. తగ్గుతూ తగ్గుతూ 1889కి నాలుగు దగ్గర ఆగింది. 1887లో ఒక్క ఏడాది బ్యాటర్‌కి నాలుగు స్ట్రైకులు కూడా ఇచ్చారు. అన్నేళ్లు మార్చి మార్చి కుదిర్చిన లెక్క కాబట్టే నాలుగంటే నాలుగే, మూడున్నర కాదు.

ఇక లెక్క ఎక్కడ జారిపోతుందో చెప్తాను, ఎందుకంటే మీకు రేపు పనికొచ్చేది ఇదే.

ప్లేట్ అంపైర్ ఎడమ చేతిలో ఇండికేటర్ ఉంటుంది. అరచేతిలో ఇమిడిపోయే ప్లాస్టిక్ బిళ్ల. దాని అంచున చిన్న చక్రాలు, ఒకటి బాల్స్‌కి, ఒకటి స్ట్రైక్స్‌కి, ఒకటి ఔట్స్‌కి. ప్రతి పిచ్ తర్వాత బొటనవేలితో ఒక గంటు తిప్పాలి. చూడకుండా, తడుముకుని తిప్పాలి. మామూలు పిచ్ అయితే ఎవరూ మర్చిపోరు. చెయ్యి దానంతట అదే తిప్పేస్తుంది. పిచ్‌తో పాటు ఇంకేదైనా జరిగినప్పుడే మర్చిపోతాం. పిచ్ క్యాచర్‌కి అందకుండా వెనక్కి పోయింది, రన్నర్ పరుగెత్తింది, క్యాచర్ సెకండ్‌కి విసిరింది, అక్కడ ట్యాగా (బంతితో రన్నర్‌ని తాకి ఔట్ చేయడం) సేఫా అన్న గొడవ. మాస్క్ తీసి అటే చూస్తూ ఉంటాం. దుమ్ము అణిగి వెనక్కి వచ్చేసరికి ఆ పిచ్‌కి చక్రం తిప్పామో లేదో గుర్తుండదు. కొందరు తిప్పలేదనుకుని మళ్లీ తిప్పుతారు, కొందరు తిప్పామనుకుని వదిలేస్తారు. మీ అంపైర్‌కి మొదటిదే జరిగి ఉంటుందని నా అనుమానం. మూడు నాలుగైందంటే ఎక్కడో ఒక గంటు రెండుసార్లు తిరిగింది.

రెండోది ఫౌల్, అంటే గీతల బయటికి పోయిన దెబ్బ. రెండు స్ట్రైకులున్నప్పుడు ఫౌల్ కొడితే అది మూడో స్ట్రైక్ కాదు, కౌంట్ అలాగే ఉంటుంది. బంట్ చేయబోయి ఫౌల్ అయితే మాత్రం ఔట్. వరసగా మూడు నాలుగు ఫౌల్స్ పడినప్పుడు వేలు ఊరుకోదు, ఎక్కడో ఒకటి తిప్పేస్తుంది.

మూడోది కొత్త బ్యాటర్ వచ్చినప్పుడు చక్రాలు సున్నాకి తేకపోవడం. బ్యాటర్ ఆడుతుండగానే రన్నర్ దొంగతనానికి వెళ్లి మూడో ఔటయితే ఇది మరీ ఎక్కువ. తర్వాతి ఇన్నింగ్స్‌లో అదే బ్యాటర్ మళ్లీ మొదట వస్తుంది, కానీ కౌంట్ కొత్తగా సున్నా సున్నా. పాత రెండు స్ట్రైకులతో మొదలుపెట్టినవాళ్లని చూశాను. దీనికి తిరగబడిన సంగతి కూడా ఉంది. బ్యాటర్ ఆడుతుండగా మధ్యలో వేరే పిల్లని దించితే కౌంట్ మారదు, వచ్చిన పిల్లకి పాత కౌంటే. పిచ్చర్‌ని మార్చినా అంతే. బ్యాటింగ్ ఆర్డర్ తప్పి వేరే పిల్ల ఆడుతోందని ఆ పిల్ల ఆట ముగియకముందే గుర్తిస్తే అసలు రావాల్సిన పిల్ల వచ్చి ఆ కౌంట్‌తోనే ఆడాలి. ఈ మార్పుల హడావిడిలో కొందరు అంపైర్లు సున్నా కొట్టేస్తారు.

ఇల్లీగల్ పిచ్‌కి బ్యాటర్‌కి ఒక బాల్ ఇస్తాం కదా, ఆ బాల్ చక్రం మీద పడిందా లేదా అన్నది కూడా అప్పుడప్పుడు తేడా వస్తుంది. స్కోరర్ పిల్లలు దాన్ని పిచ్ కాదనుకుని రాయరు. అంపైర్ దగ్గర మూడు, స్కోరర్ దగ్గర రెండు అయిందంటే నేను మొదట అడిగేది "ఇల్లీగల్ పిచ్ రాశావా అమ్మా" అని.

ఇప్పుడు సరిదిద్దడం ఎలా అన్నది.

విజయనగరంలో ఒక అమ్మాయిల మ్యాచ్‌కి నేనే ప్లేట్ అంపైర్‌ని. ఫస్ట్ బేస్‌లో రన్నర్ ఉంది. పిచ్ బయటికి వచ్చింది, "బాల్ ఫోర్" అన్నాను. బ్యాటర్ బ్యాట్ పక్కన పెట్టి నడవడం మొదలుపెట్టింది. రన్నర్ కూడా సెకండ్‌కి నడుస్తోంది, తొందరేమీ లేదు కదా. క్యాచర్ పిల్ల బంతి అందుకుని ఒక్క క్షణం ఆగింది. తర్వాత సెకండ్‌కి విసిరింది. అక్కడ ఫీల్డర్ బేస్‌కి మూడడుగుల ముందే రన్నర్‌ని ట్యాగ్ చేసింది. బేస్ అంపైర్‌కి ఏం చెప్పాలో తోచక నా వైపు చూశాడు. రెండు బెంచీలూ లేచిపోయాయి. అప్పుడా క్యాచర్ పిల్ల నా దగ్గరికి వచ్చి, మాస్క్ తలమీదికి తోసుకుని, మెల్లగా అంది: "సార్, మూడే సార్ అయినాయి. నాను లెక్కెట్టుకుంటన్నాను."

నేను టైమ్ అన్నాను. ఇండికేటర్ చూశాను, నాలుగు చూపిస్తోంది. కానీ ఆ పిల్ల కళ్లలో తడబాటు లేదు. బేస్ అంపైర్‌ని మధ్యకి పిలిచాను. ఆయన "మూడనే అనుకున్నాను, గట్టిగా చెప్పలేను" అన్నాడు. స్కోరర్ దగ్గరికి ఇద్దరం కలిసి వెళ్లాం. అప్పుడు నేను ఎప్పుడూ పాటించే పద్ధతి ఒకటుంది: "కౌంట్ ఎంత" అని అడగను, "ఒక్కో పిచ్ వరసగా చదువు" అంటాను. ఎంత అని అడిగితే స్కోరర్ పిల్ల నా మొహం చూసి నాకు కావాల్సిన అంకె చెప్తుంది. వరసగా చదవమంటే కాగితం చూసి చదువుతుంది. ఆమె చదివింది. మొదటిది బాల్. రెండోది బ్యాట్ ఊపి తప్పింది, స్ట్రైక్. మూడోది బాల్, అప్పుడే పిచ్చర్ ఫస్ట్‌కి విసిరింది. నాలుగోది ఇప్పుడు పడ్డ బాల్. ఫస్ట్‌కి విసిరినప్పుడు నేను అటు తిరిగాను, ఆ పిచ్‌కి రెండుసార్లు తిప్పానన్నమాట.   మూడు బాల్స్, ఒక స్ట్రైక్. క్యాచర్ చెప్పిందే నిజం.

మళ్లీ ప్లేట్ దగ్గరికి వచ్చి రెండు జట్ల కోచ్‌లనీ పిలిచాను. "తప్పు నాది. కౌంట్ మూడు బాల్స్, ఒక స్ట్రైక్. బ్యాటర్ వెనక్కి రావాలి, రన్నర్ ఫస్ట్‌కి వెళ్లాలి, ట్యాగ్ చెల్లదు" అన్నాను. బ్యాటింగ్ జట్టు కోచ్‌కి కోపం వచ్చింది. "మీ తప్పుకి మా పిల్ల ఎందుకు వెనక్కి రావాలి?" ఫీల్డింగ్ కోచ్‌కీ కోపమే. "ట్యాగ్ చేశాం కదా, ఔట్ ఎందుకు కాదు?" ఇద్దరికీ జవాబు ఒక్కటే: ఆ రన్నర్ నడిచింది నేను "బాల్ ఫోర్" అన్నానని. నా మాట నమ్మి కదిలిన పిల్లని నా తప్పుకి ఔట్ చేయకూడదు. నా తప్పు వల్ల వచ్చిన బేస్‌ని ఉంచుకోనివ్వనూ కూడదు. అందరూ ఆ పిచ్ పడ్డాక ఎక్కడ ఉండాలో అక్కడికి వెళ్లాలి. మొత్తం మూడు నిమిషాలు పట్టింది. వెనక్కి వచ్చిన బ్యాటర్ తర్వాతి పిచ్‌ని షార్ట్‌స్టాప్ చేతిలోకి కొట్టి ఔటయింది. గట్టు మీద కూర్చున్న తల్లిదండ్రులు నన్ను చాలా మాటలన్నారు. అయినా ఆ మ్యాచ్‌లో నేను సరిగ్గా చేసిన పని అదే.

దీనికి పక్కనే ఇంకో సందర్భం పెట్టుకోవాలి, ఎందుకంటే కోచ్‌లు రెండూ కలిపేసుకుంటారు. అంపైర్ ఏమీ అనలేదు, బ్యాటరే నాలుగయ్యాయనుకుని బ్యాట్ పడేసి నడిచింది. ఆమెని చూసి ఫస్ట్‌లో ఉన్న రన్నర్ కూడా నడిచింది. క్యాచర్ విసిరి ట్యాగ్ చేయించింది. అప్పుడు రన్నర్ ఔటే, సరిదిద్దడానికి ఏమీ లేదు. ఆ పిల్లని ఇరుకున పెట్టింది అంపైర్ మాట కాదు, ఆమె సొంత లెక్క. ఇలా ఔటయిన పిల్లని చూస్తే జాలేస్తుంది, కానీ చేయగలిగింది లేదు. రన్నర్లకి ఒకటే చెప్పండి: బ్యాటర్ నడకని చూసి కాదు, అంపైర్ నోట విని కదలాలి.

సగం ఊపి ఆపిన బ్యాట్ సంగతి ఇంకో రకం. ప్లేట్ అంపైర్ బాల్ అన్నాడు, క్యాచర్ అడిగితే బేస్ అంపైర్‌ని సంప్రదించాడు, ఆయన ఊపిందన్నాడు, బాల్ కాస్తా స్ట్రైక్ అయింది. ఇది లెక్క తప్పడం కాదు, తీర్పు మారడం. అలా మారే వీలుందని రన్నర్లు ముందే గమనించుకుని ఉండాలని ప్రొఫెషనల్ బేస్‌బాల్ రూల్స్‌లో స్పష్టంగానే రాశారు.

బ్యాటర్ ఇంకా ఆడుతుండగానే కౌంట్ తేడా తెలిస్తే పెద్ద చిక్కు లేదు. అంపైర్ రెండు బాల్స్ అంటున్నాడు, షీటులో మూడున్నాయి. టైమ్ అడిగి, చూపించి, సరిచేసుకుని సాగిపోవడమే. ఆలస్యం చేసేకొద్దీ కష్టం. స్కోరర్ షీటు, బేస్ అంపైర్ జ్ఞాపకం, ప్లేట్ అంపైర్ ఇండికేటర్ మూడూ మూడు చెప్తే చివరి మాట ప్లేట్ అంపైర్‌దే. అది కూడా రూలు ప్రకారం న్యాయమే, ఎవరో ఒకరు తేల్చాలి. కానీ షీటు పిచ్ వారీగా రాసి ఉంటే, ఇండికేటర్ కంటే షీటునే నమ్మమంటాను. ఇండికేటర్‌లో ఒక్క అంకె ఉంటుంది, షీటులో ఆ అంకె ఎలా వచ్చిందో ఉంటుంది. బెంచీల నుంచి వచ్చే అరుపుల్ని మాత్రం లెక్కలోకి తీసుకోకూడదు. ఒక బెంచీ నాలుగంటే రెండోది మూడంటుంది.

ఇక స్కోరర్. మీ ప్రశ్న చదివినప్పుడు నా మనసు ఆగింది ఇక్కడే.

నేను అంపైరింగ్ మొదలుపెట్టిన కొత్తలో ఆమదాలవలస వైపు ఒక హైస్కూల్ గ్రౌండ్‌లో అబ్బాయిల మ్యాచ్. సున్నంతో గీసిన గీతలు రెండో ఇన్నింగ్స్‌కే చెరిగిపోయాయి. స్కోరర్‌గా పదో తరగతి కుర్రాడు, చింతచెట్టు నీడలో పరీక్ష ప్యాడ్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఒక పిచ్ క్యాచర్‌ని దాటిపోయింది, రన్నర్ థర్డ్‌కి వెళ్లాడు, నేను అటే చూస్తూ చక్రం తిప్పలేదు. ఆ బ్యాటర్‌కి నాలుగో బాల్ పడితే నేను మూడన్నాను. తర్వాతి పిచ్‌కి వాడు బ్యాట్ ఊపి తప్పాడు, మూడో స్ట్రైక్, ఔట్. ఏడ్చుకుంటూ వెళ్లాడు. ఎవరూ ఏమీ అనలేదు. మ్యాచ్ అయ్యాక షీటు మీద సంతకం పెట్టడానికి కూర్చుని ఆ గడి చూశాను. నాలుగు చుక్కలు. ఆ కుర్రాడు చుక్కల్ని బాల్స్‌కి, గీతల్ని స్ట్రైక్‌లకి పెట్టేవాడు. నాలుగో చుక్కని మిగతావాటికంటే గట్టిగా నొక్కి పెట్టాడు, పెన్సిల్ మొన కాగితంలోకి దిగింది.

"నీకు అప్పుడే తెలిసిందా?" అని అడిగాను. తల దించుకుని "తెలిసినాది సార్. సార్‌కి ఎలాగ సెప్తామని ఊరుకున్నాను" అన్నాడు.

ఆ తర్వాత నేను నిలబడ్డ ఏ మ్యాచ్‌లోనూ స్కోరర్‌తో ముందు మాట్లాడకుండా ప్లేట్ దగ్గరికి వెళ్లలేదు. దగ్గరికి వెళ్లి చెప్తాను: "నా లెక్కకీ నీ లెక్కకీ తేడా వస్తే నువ్వు కూర్చోకూడదు. లేచి నిలబడి చెయ్యెత్తు. నేను చూడకపోతే కేకెయ్యి. నీది తప్పయినా నేనేమీ అనను." విన్నాక పిల్లల మొహంలో మార్పు కనిపిస్తుంది. మీ స్కోరర్ పిల్ల రెండు పిచ్‌ల తర్వాత కేకేసిందన్నారు. నాకు అనిపిస్తోంది, ఆ పిల్లకి మొదటి పిచ్‌కి ముందే తెలిసి ఉంటుంది. ధైర్యం కూడదీసుకోవడానికి ఆ రెండు పిచ్‌లు పట్టాయి. దయచేసి ఆ పిల్లని ఏమీ అనకండి. అంతమంది పెద్దవాళ్లలో లెక్క సరిగ్గా పెట్టింది ఆ పిల్ల ఒక్కతే.

పెద్ద ఆటల్లోనూ ఇలాంటివి జరిగాయి. 1990లో అమెరికన్ ఫుట్‌బాల్‌లో కొలరాడో, మిస్సోరి యూనివర్సిటీల మ్యాచ్. ఆ ఆటలో నాలుగు ప్రయత్నాలే ఇవ్వాలి. అఫీషియల్స్ లెక్క తప్పి ఐదోది ఇచ్చారు, దాని మీదే కొలరాడో 33–31తో గెలిచింది. శిక్షణ పొందిన అఫీషియల్స్, వేలమంది జనం, అయినా గడువు లోపల ఎవరూ ఆపలేకపోయారు. ఫలితం అలాగే నిలిచిపోయింది.

మీరు రేపటి నుంచి చేయదగ్గవి నాలుగు మాటలు. క్యాచర్‌కి ప్రాక్టీస్‌లోనే అలవాటు చేయండి, ప్రతి పిచ్ తర్వాత బంతి తిరిగి విసిరేముందు కౌంట్ పైకి అనాలి. బాల్స్ ముందు, స్ట్రైక్స్ తర్వాత. "రెండు ఒకటి" అంటే రెండు బాల్స్, ఒక స్ట్రైక్. క్యాచర్ అంపైర్‌కి అడుగు దూరంలో ఉంటుంది, ఆమె మాట ఆయన చెవిన పడుతుంది, తేడా ఉంటే అక్కడే తేలిపోతుంది. నా అనుభవంలో సగం తప్పులు ఇలాగే ఆగిపోయాయి. అంపైర్ వేళ్లు కూడా పిల్లల చేత చూడనివ్వండి, ఎడమ చేతి వేళ్లు బాల్స్, కుడి చేతివి స్ట్రైక్స్. మన గ్రౌండ్‌లలో స్కోర్‌బోర్డు ఉండదు, బల్ల మీద పెట్టిన నల్లబోర్డు కూడా అరుదే, కాబట్టి ఆ వేళ్లే బోర్డు.

అనుమానం వస్తే మీరు కెప్టెన్ చేత టైమ్ అడిగించండి. పిచ్చర్ బంతి పట్టుకుని పిచింగ్ ప్లేట్ మీదికి వెళ్లకముందే అడగాలి. మూడో ఔట్ మీద అనుమానం వచ్చి మీ జట్టే ఫీల్డింగ్‌లో ఉంటే పిల్లల్ని అందరినీ ఒకేసారి బయటికి రానివ్వకండి. ఒక్కరైనా గీత లోపల ఉన్నంతసేపు గడువు మిగిలే ఉంటుంది. అంపైర్ విని కూడా రూలు తప్పుగా వర్తింపజేస్తున్నాడనిపిస్తే, ఉదాహరణకి తర్వాతి పిచ్ పడకముందే అడిగినా "నా మాటే ఫైనల్, కౌంట్ చూడను" అంటే, అది ప్రొటెస్ట్ (అధికారికంగా అభ్యంతరం) చేయదగ్గ విషయం. దాన్ని కూడా తర్వాతి పిచ్‌కి ముందే అంపైర్‌కి తెలియజేయాలి. అప్పుడు చెప్పకుండా మ్యాచ్ అయ్యాక రాసిచ్చే కాగితానికి విలువ ఉండదు. మీ ఫిర్యాదు నిలవదన్నది కూడా ఇందుకే.

అయినా ఒక కాగితం రాయండి. ఫలితం మార్చమని కాదు. తర్వాతి టోర్నమెంట్‌లో మ్యాచ్‌కి ముందు జరిగే కోచ్‌ల సమావేశంలో మూడు విషయాలు పైకి చదివి వినిపించమని నిర్వాహకుల్ని అడగండి: ఏ రూల్‌బుక్ పాటిస్తున్నారు, కౌంట్ సరిదిద్దడానికి గడువు ఎప్పటిదాకా, స్కోరర్ నేరుగా అంపైర్‌ని పిలవొచ్చా. మూడోది చాలా ముఖ్యం. అంపైర్ పేరు అందులో రాయకండి. ఆయన రేపు మళ్లీ మీ పిల్లల మ్యాచ్‌కే నిలబడొచ్చు, ఆ రోజు ఆయన మీ క్యాచర్ మాట వినాలి.

ఆ మ్యాచ్ స్కోర్ షీటు మీ దగ్గర ఉంటే ఆ బ్యాటర్ గడిని, దానికి ముందు బ్యాటర్ గడిని ఫోటో తీసి పెట్టండి. పిచ్ వారీగా రాసి ఉంటే ఎక్కడ రెండుసార్లు తిరిగిందో చూసి చెప్తాను.